చనిపోయిన అమ్మమ్మ కోసం ప్రార్థన చేయొచ్చా?

ఈ రోజు విషయం కొంచెం బరువైనది. స్కిప్ చేయకండి, చిన్న ఎపిసోడే.

మా అమ్మమ్మ ఇంట్లో రోజూ రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. ఒక పాట, ఒక కీర్తన చదవడం, తర్వాత వరసగా అందరం ప్రార్థన చేయాలి. చిన్నప్పటి నుంచీ నాది ఒకటే ముక్క: "అమ్మమ్మకి మంచి ఆరోగ్యం ఇవ్వు ప్రభువా." ఇంటర్‌కొచ్చాక నోరు ఆ మాట అంటుండేది, కళ్లు ఫోన్‌లో ఉండేవి. నిజమే చెప్తున్నా.

పోయినేడాది అమ్మమ్మ చనిపోయింది. మనవాళ్లు ఫ్లెక్సీ మీద "ప్రభువునందు నిద్రించారు" అని వేయిస్తారు కదా. సిమెట్రీ అనే మాటకి కూడా గ్రీకు మూలంలో నిద్రపోయే చోటు అనే అర్థం. ఇంటి దగ్గర ఆరాధన అయ్యాక పెట్టెని గుడికి, అక్కణ్ణించి సమాధుల తోటకి తీసుకెళ్లాం. గోతిలోకి దించాక ముందు అయ్యగారు మట్టి వేశారు. తర్వాత మేమందరం తలో గుప్పెడు. పెట్టె మూత మీద మట్టి పడే చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

"విశ్వాసులం, ఏడవకూడదు" అని ఎవరో మా అమ్మని అంటున్నారు. నాకైతే ఆ మాట అస్సలు నచ్చదు. యోహాను సువార్త 11వ అధ్యాయం చూడండి. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు.

ఆ రాత్రి ఎనిమిదింటికి ప్రార్థన. నా వంతు వచ్చింది. అలవాటుగా అనేశాను, "అమ్మమ్మకి మంచి ఆరోగ్యం ఇవ్వు ప్రభువా." ఇల్లంతా నిశ్శబ్దం. అమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది.

మర్నాడు అయ్యగారిని అడిగాను, తప్పు చేశానా అని. మాది లూథరన్ సంఘం. మా దగ్గర భూస్థాపనలో ప్రార్థన ముఖ్యంగా మిగిలినవాళ్ల ఓదార్పు కోసం, పోయినవాళ్ల జీవితానికి కృతజ్ఞతగా. ఆర్‌సీఎం వాళ్లు వేరు. చనిపోయినవాళ్ల ఆత్మల కోసం పూజ చేయిస్తారు. నవంబర్ 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థిస్తారు. అయ్యగారు ఇదంతా చెప్పి, "తప్పేముంది బాబూ, ఇక ఆమె కోసం అడగక్కర్లేదు, ఆమెను ఇచ్చినందుకు థ్యాంక్స్ చెప్పుకో" అన్నారు.

ఇప్పుడు హాస్టల్‌లో ఉంటున్నా. ఎనిమిదింటికి అలారం మోగితే ఫోన్ గదిలోనే పెట్టి మేడ మీదకి వెళ్తాను. ఐదు నిమిషాలే. థ్యాంక్స్ చెప్దామనే మొదలుపెడతాను. కొన్ని రోజులు మాత్రం ఆ పాత మాటే ముందొచ్చేస్తుంది. ఆపడం లేదు.

సరే, వచ్చే వారం కలుద్దాం.