కుంగిన మనసునకు మాటయే మందు
(ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము పంటలను గూర్చి గాని, ఎరువులను గూర్చి గాని ముచ్చటించుటకు నేను రాలేదు. మన యిండ్లలో ఎదుగుచున్న బిడ్డల మనస్సులను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిని.

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన పిమ్మట ఒక గ్రామమున ఒక తండ్రి నాతో ఇట్లనెను: "అయ్యా, మావాడు ఇరువది దినములుగా గది విడిచి రాడు. అన్నము సయింపదు. పలుకరించిన కసరుకొనును. వట్టి సోమరితనమండి."

అది సోమరితనము కాదు. రెండు వారములు గడచినను దిగులు వీడకుండుట, ఇష్టమైన ఆటపాటలపై సైతము ఆసక్తి నశించుట, నిద్రాహారములు తప్పుట, "నేనెందుకును పనికిరాను" అని తలపోయుట, ఇవి కుంగుబాటు అను వ్యాధి లక్షణములు. వైద్యులు దీనినే డిప్రెషన్ అందురు. యువజనులలో ఇది ఒక్కొక్కప్పుడు దుఃఖముగా గాక చిరాకుగా, కోపముగా పైకి కానవచ్చును. ఇది దిష్టి కాదు, గాలి సోకుట కాదు. చికిత్సకు లొంగు వ్యాధి.

దీనికి మందులే గాక మాటలతో చేయు చికిత్స కూడ కలదు. 1960వ దశకమున అమెరికాలో ఆరన్ బెక్ అను వైద్యుడు దీనికొక పద్ధతిని ఏర్పరచెను. పరీక్ష తప్పిన బాలుడు "నా బ్రతుకే తప్పిపోయినది" అనుకొనును. అనుకొని మంచము దిగడు. దిగకపోవుటచే దిగులు ఇంకను పెరుగును. చికిత్సకుడు ఆ తలపును కాగితముపై వ్రాయించి, అది ఎంతవరకు నిజమో బాలునిచేతనే విచారింపజేయును. పిదప రోజున కొక చిన్న పనిని అప్పగించును. నేడు చెరువుగట్టు వరకు నడక, రేపు ఒక మిత్రునితో మాట. ఇట్లు ముడి మెల్లమెల్లగా సడలును.

ఈ చికిత్స యిప్పుడు తెరమీదికి వచ్చినది. న్యూజిలాండు దేశమున ఆక్లండు విశ్వవిద్యాలయము వారు స్పార్క్స్ అను కంప్యూటరు ఆటను రూపొందించిరి. అందలి ఏడు ఘట్టములను దాటుచు బాలబాలికలు చెడు తలపులను గుర్తించి ఎదుర్కొనుట నేర్చుకొందురు. 12 మొదలు 19 ఏండ్ల వయస్సుగల 187 మందిపై పరీక్షింపగా, అది సాధారణ చికిత్సకు తీసిపోలేదని 2012లో ప్రకటించిరి. ఇంగ్లాండున 2019లో వెలువడిన వైద్య మార్గదర్శకములు స్వల్పమైన కుంగుబాటునకు ఇట్టి చికిత్సను మొదట చేయదగిన వానిలో ఒకటిగా పేర్కొన్నవి.

అయితే మన బిడ్డ తన దిగులును తెలుగున చెప్పుకొను త్రోవ కావలెను గదా! అందులకే కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న టెలి-మానస్ సేవను ప్రారంభించినది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ దీనికి ప్రధాన కేంద్రము. 14416 సంఖ్యకు రేయింబవళ్ళు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగున మాటలాడవచ్చును. ముందు శిక్షణ పొందిన సలహాదారు వినును. అవసరమైనచో మానసిక వైద్యునికి అప్పగించును. అంతర్జాలము లేని చిన్న ఫోను సైతము చాలును. 2024 అక్టోబరులో సెల్‌ఫోను యాప్ కూడ వచ్చినది.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. తెర ఒంటరిగా వైద్యము చేయజాలదు. తోడు లేక మొదలిడిన పాఠములను పలువురు నడుమనే విడిచివేయుదురనియు, వారమున కొకసారి యైనను పలుకరించువారు ఉన్నచో తుదివరకు సాగింతురనియు పరిశోధకులు గ్రహించిరి. వ్యాధి తీవ్రమైనచో తెరతో సరిపెట్టక వైద్యుని ఎదుట కూర్చుండవలెను. "చావవలెనని యున్నది" అని బిడ్డ అన్నచో బెదిరింపని కొట్టివేయకుడు, విడిచి వెళ్ళకుడు, వెంటనే 14416కు ఫోను చేసి ఆసుపత్రికి తీసికొనిపొండు. పురుగుమందులను ఎల్లప్పుడు తాళములో నుంచుడు.

పెద్దలను నేను కోరునది స్వల్పము. ఇంట ఒకే ఫోను ఉన్నచో దినమున కొక అరగంట దానిని బిడ్డకు విడువుడు. తలుపు దగ్గరగా వేసికొని మాటలాడనిండు, చాటున వినకుడు. ఆడపిల్లకు ఇది మరింత అవసరము, ఏలన ఆమె చేతి ఫోనునే మనము ముందుగా అనుమానింతుము. ఏమి మాటలాడితివని గ్రుచ్చి గ్రుచ్చి అడుగకుడు. "ఎట్లున్నది నాయనా?" అని మాత్రము అడుగుడు. ఎదురింటివాని మార్కులు ఆ నోట రానీయకుడు.

నే నాతండ్రితో కూడ ఈ మాటలే చెప్పితిని. అతడు కొంత తడవు ఊరకుండి, "వాడు నాతో మాటలాడునా?" అనెను. వెంటనే మాటలాడకపోవచ్చును. మీరు గడపలో కూర్చున్నారని మాత్రము వానికి తెలియవలెను. చికిత్స అచటనే మొదలగును.