ఓటరును నిందిస్తే ఏమొస్తది?



ఓడినప్పుడల్లా పార్టీలు జనాన్నే తిడతయి. 2009లోనూ మనం అదే విన్నం. 2004లో 26 అసెంబ్లీ సీట్లు గెలిచిన టీఆర్‌ఎస్, మహాకూటమిలో చేరి 45 చోట్ల నిలబడితే దక్కినవి పదే. కూటమి పార్టీలే కొన్నిచోట్ల ఒకదానిమీదొకటి పోటీకి దిగినయి. తెలంగాణవాదం పనైపోయిందని ప్రచారం చేసిండ్రు.

మరి ఏడాదికే ఏం జరిగింది? 2009 డిసెంబర్ 9 ప్రకటన మీద కేంద్రం వెనక్కి పోయింది. విద్యార్థులు, ఉద్యోగులు రోడ్డెక్కిండ్రు. 2010 జూలై ఉప ఎన్నికల్లో రాజీనామా చేసి వచ్చినోళ్లను జనం పన్నెండుకు పన్నెండు చోట్ల గెలిపించిండ్రు.

ఓటరు అప్పుడూ ఆయనే, ఇప్పుడూ ఆయనే. సీట్ల బేరం చూసి కోపం తెచ్చుకున్నడు, పదవులొదిలితే గుండెలకు హత్తుకున్నడు. 2023లో ఓడినోళ్లయినా, రేపు ఓడేటోళ్లయినా ముందుగాల తమ లెక్క తాము చూసుకోవాలె.

జై తెలంగాణ!