మోదుగు పువ్వు, వెనుక బెంచీ
(సంఘ సమావేశంలో ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుని ప్రసంగ పాఠం)



కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో, అంటే 2016లో విడిపోక ముందటి పెద్ద జిల్లాల్లో, నేను వృక్షశాస్త్రం చెప్పాను. ఇంటర్ క్లాసులో నూరుమందికి పైగా పిల్లలు. మైక్రోస్కోపులు నాలుగు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో పుస్తకాలిచ్చి మేలు చేసింది. కాని 'ద్విబంధక కేసరాలు' అని తెలుగులో రాసినా, చూడనివాడికి అది పరాయి మాటే.

పుస్తకంలో బఠాణీ పువ్వు బొమ్మ ఉండేది. చిన్న పువ్వు, చేత్తో ఎత్తి పట్టినా వెనుక బెంచీకి ఆనదు. మన అడవిలో అదే కుటుంబపు మోదుగు ఉంది కదా! హోలీ నాటికి చెట్టంతా నిప్పులా పూస్తుంది. సైకిల్ మీద గోనెసంచెడు తెచ్చి ఒక్కొక్కరి చేతికి ఒక్కో పువ్వు ఇచ్చేవాణ్ణి. పెద్ద రెక్క ధ్వజం, పక్కవి బాహువులు, పడవలా కలిసినవి ద్రోణులు. లోపల తొమ్మిది కేసరాలు ఒక కట్ట, పదోది విడిగా. అందరూ ఒక్కసారే గట్టిగా లెక్కపెట్టేవారు. పక్క క్లాసు వారు విసుక్కునేవారు, అది వేరే సంగతి.

జగదీశ్ చంద్ర బోస్ 1914లో బతికున్న అత్తిపత్తి మొక్కలను ఓడ మీద లండన్ తీసుకెళ్ళి చూపారు. నాది సైకిల్ దూరమే.

పత్తి పాఠం నాడు జరిగింది చెప్పాలి. ఒక కుర్రాడు ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదు. పరీక్ష తప్పాడు, చదువు మాన్పించి చేనుకు తీసుకుపోతానని తండ్రి అంటున్నాడు. నేను తెల్ల పువ్వు, ఎర్ర పువ్వు చూపి ఇవి రెండు రకాలా అని అడిగాను. క్లాసంతా అవునంది. ఆ పిల్లవాడు లేచి, "కాదు సార్, తెల్లది ఇయ్యాల్టిది, ఎర్రది నిన్నటిది. ఒక్క చెట్టుకే పూస్తయి" అన్నాడు. అక్షరాలా నిజం. వాణ్ణి ముందుకు పిలిచి మిగతా పాఠం వాడి చేతే చెప్పించాను. తర్వాత ఏమయ్యాడో తెలియదు. ఆ ఏడు మాత్రం క్లాసు మానలేదు.

ఇప్పుడు ఫోన్లలో వీడియోలున్నాయి. నెలల పెరుగుదలను నిమిషంలో చూపుతాయి, మంచిదే. కాని పువ్వును చేత్తో విప్పిన అనుభవం అందులో రాదు.

మనవలున్నవారు ఇంట్లో ఒకటి చేయండి. గాజు గ్లాసులో తడి కాగితం చుట్టి, గ్లాసుకూ కాగితానికీ మధ్య చిక్కుడు గింజలు పెట్టండి. వేరు దిగాక గ్లాసును పక్కకు పడుకోబెట్టండి. ఒకటి రెండు రోజుల్లో వేరు మళ్ళీ కిందికి వంగుతుంది. కాగితం మాత్రం ఆరనివ్వకండి.