వజ్రానికీ ఓచరు కావాలి

(రుషికొండలో జరిగిన మన సంఘం కుటుంబ సమ్మేళనంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



వజ్రాల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారంటే మా ఆవిడ నవ్వింది. ట్రెజరీలో గుమాస్తాగా బిల్లులు తనిఖీ చేసినవాడికి వజ్రాలతో ఏం పని? పని పడింది. అందుకే చెబుతున్నాను.

2008లో రిటైరైనప్పుడు, చేతికొచ్చిన గ్రాట్యుటీలోంచి మా ఆవిడకు ఏడురాళ్ళ వజ్రాల దుద్దులు కొన్నాను. నలభై ఆరు వేలు. షాపు పేరు ఇక్కడ అనవసరం. వాళ్ళిచ్చిన చీటీలో ‘డైమండ్ దుద్దులు, ఒక జత’ అని మాత్రమే ఉంది. రాళ్ళ బరువు లేదు, రంగు లేదు, బంగారం ఎంతో విడిగా లేదు. ఆ దీపాల వెలుగులో అవి ధగధగ మెరుస్తుంటే నేను అవేమీ అడగలేదు.

2019లో ఆవిడకు మోకాలి ఆపరేషన్ అవసరమైంది. దుద్దులు అమ్ముదామని వేరేచోటికి తీసుకెళ్ళాం. ఆయన లెన్సు పెట్టి చూసి, రాళ్ళు పసుపు తిరిగినవనీ, లోపల మచ్చలున్నాయనీ చెప్పి, బంగారానికి ధర కట్టి రాళ్ళకు నామమాత్రం ఇస్తానన్నాడు. చీటీ చూపిస్తే, ఇందులో ఏముందండీ అన్నాడు. బయటికొచ్చాక మా ఆవిడ, “ఏవండీ, ఆఫీసులో అయితే ఈ కాయితాన్ని అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపేవారు కదా?” అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆపరేషన్ ఖర్చుకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మధ్యలోనే తీశాం.

అప్పటినుంచీ ఈ విషయం చదువుతున్నాను. ముందు క్యారెట్ మాట. బంగారంలో క్యారెట్ అంటే స్వచ్ఛత. వజ్రంలో క్యారెట్ అంటే బరువు, 200 మిల్లీగ్రాములు. క్యారెట్‌కు నూరు సెంట్లు. రాయి పెద్దదయ్యేకొద్దీ క్యారెట్ ధర కూడా పెరుగుతుంది. కాబట్టి 50 సెంట్ల రాళ్ళు రెండు కొన్న డబ్బుకు, అదే నాణ్యతగల ఒక క్యారెట్ రాయి రాదు. ఏడు చిన్న రాళ్ళు కలిపి ఒక క్యారెట్ అయినా, ఒకే రాయి ఒక క్యారెట్ అయినా ఒకటే అని మాత్రం అనుకోకండి.

రంగుకు ఇంగ్లీషు అక్షరాలు. ‘డి’ అంటే ఏ రంగూ లేనిది, అక్కడినుంచి ‘జెడ్’ దాకా పసుపు పెరుగుతుంది. పచ్చటి బంగారంలో పొదిగితే జి, హెచ్ రాళ్ళు కూడా మన కంటికి తెల్లగానే ఉంటాయి. ఇక దోషాలు. మన తెలుగు నేల వజ్రాలకు పుట్టిల్లు కదా. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేలమంది పనిచేస్తున్నారని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాసుకున్నాడు. తొలకరి పడితే జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం ఈనాటికీ వెతుకుతూనే ఉంటారు. మన పాత రత్నశాస్త్రాలు బిందువు, రేఖ, కాకపదం అని దోషాలకు పేర్లు పెట్టాయి. ఇప్పుడు పదింతల లెన్సుతో చూసి వి.వి.ఎస్., వి.ఎస్., ఎస్.ఐ. అంటున్నారు. లెన్సుకే తప్ప కంటికి కనబడని మచ్చ లేకపోవడానికి ఎక్కువ డబ్బు పోయడం నాకైతే దండగ అనిపిస్తుంది.

డబ్బు పెట్టవలసింది కోతకు. రంగూ మచ్చా భూమిలోనే వచ్చేవి, కోత మనిషి చేతిపని. కోత సరిగా లేకపోతే వెలుగు అడుగునుంచి జారిపోయి, ఎంత తెల్లని రాయైనా చచ్చినట్టుంటుంది. షాపు దీపాల కింద అన్నీ మెరుస్తాయి. రాయిని గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో చూడండి. వద్దంటే లేచి వచ్చేయండి.

ఇప్పుడు ల్యాబ్‌లో తయారైన వజ్రాలు వచ్చాయి. అవి నకిలీ కావు, అవీ అసలు కర్బనమే. నోటి ఆవిరి ఊదినా, షాపులోని మామూలు టెస్టర్ పెట్టినా తేడా తెలియదు. తేల్చాలంటే ల్యాబ్ పరికరాలు కావాలి. ధర మాత్రం గనిలోని దానికంటే చాలా తక్కువ, ఈ కొన్నేళ్ళలో ఇంకా పడిపోయింది. తెలిసి కొనుక్కుంటే తప్పులేదు. తెలియకుండా గని వజ్రం ధర ఇస్తేనే మోసపోయినట్టు.

అందుకే ఓచరు. బిల్లులో బంగారం నికర బరువు, రాళ్ళ బరువు, మజూరీ, జి.ఎస్.టి. విడివిడిగా ఉండాలి. రాయి సహజమో ల్యాబ్‌దో రాసి ఉండాలి. తిరిగి కొంటే ఎంత తగ్గిస్తారో రాయించుకోవాలి. హాల్‌మార్కు బంగారానికే, రాయికి కాదు. రాయికి జి.ఐ.ఏ., ఐ.జి.ఐ. వంటి ల్యాబుల సర్టిఫికెట్ వేరు. చాలా రాళ్ళకు నడుము మీద ఆ నంబరు లేజరుతో చెక్కి ఉంటుంది. లెన్సుతో చూసి సరిపోల్చుకోవచ్చు. ఫిర్యాదు చేయాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఇంకో సంగతి, బ్యాంకులో తాకట్టు పెడితే బంగారానికే విలువ కడతారు, రాళ్ళకు కట్టరు. ఆపద్ధనం అనుకుని మాత్రం వజ్రం కొనకండి.

మా పెళ్ళి స్వర్ణోత్సవానికి పిల్లలు వాళ్ళమ్మకు మళ్ళీ వజ్రాలే కొంటామన్నారు. ఏడురాళ్ళు వద్దు, ఒంటిరాయి చాలంది ఆవిడ. ఒక్కొక్కటి 25 సెంట్లు, రంగు ‘జి’, కోత మేలైనది. బిల్లు ఆవిడే చదివింది. మజూరీ కాలమ్ ఖాళీగా ఉందని వెనక్కిచ్చి రాయించింది! ఆ దుద్దులే ఇవాళ పెట్టుకుని మూడో వరసలో కూర్చుంది. బిల్లూ సర్టిఫికెట్లూ నా పెన్షన్ పేమెంట్ ఆర్డరున్న ఫైల్లోనే ఉన్నాయి. లెన్సు వెంట తెచ్చాను, భోజనాల దగ్గర ఎవరైనా తమవి చూపించదలిస్తే సంతోషంగా చూస్తాను. సెలవు.