రాయి విడిపోకూడదు, గీత తెగకూడదు
(చిక్కబళ్లాపురంలో చేసిన స్మారకోపన్యాసం)



మా డ్రాయింగు మాస్టారు పువ్వు గీసి చూపిస్తే బాగుందనేవారు కాదు. "ఇది దేనికి ఆనుకుని ఉందిరా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నతోనే మన ప్రాంతపు అలంకారాల చరిత్రను చూద్దాం.

మొదట నంది గ్రామానికి పోదాం. అక్కడి భోగనందీశ్వరాలయాన్ని పేర్కొనే శాసనం 806 నాటిది. అందులో నొళంబాధిరాజు, రాష్ట్రకూట మూడవ గోవిందుడి పేర్లున్నాయి. ఆ గుడి గోడల్లో చిల్లుల రాతి కిటికీలను, అంటే జాలంధ్రాలను చూడండి. దక్షిణపు గోడలో నటరాజు, ఉత్తరపు గోడలో మహిషుడి తల మీద నిలిచిన దుర్గ. శిల్పి ముందున్న చిక్కు ఒకటే. వెలుగు రావాలంటే రాయిని తొలచాలి. చిల్లులు ఎన్నైనా కావచ్చు, విడివిడిగా ఉండవచ్చు. మిగిలిన రాయి మాత్రం ఒకే ముక్కగా ఉండాలి. ఒక్క తీగ ఎటూ అంటకపోతే ఊడి కింద పడుతుంది. అక్కడ అందం కన్నా ముందు పుట్టింది లెక్క.

ఏడు వందల ఏళ్ల తర్వాతి మాటకు వద్దాం. బాగేపల్లి నుంచి కొడికొండ చెక్‌పోస్టు దాటి ఎడమకు తిరిగితే లేపాక్షి. విజయనగర అచ్యుతదేవరాయల కాలపు గుడి అది. లతామండపం స్తంభాల మీద నమూనాలు వరస తీరి ఉంటాయి. అవి స్తంభానికి అతుక్కునే ఉన్నాయి కనుక పడిపోతాయన్న భయం లేదు. ఇక్కడి నియమం వేరు: నమూనా జరిగి, తిరిగి, తనను తాను కలుసుకోవాలి. ఒక పట్టీ మీద అలా తిరిగి రావడానికి ఏడే పద్ధతులు, పరుచుకున్న తలం మీదైతే 17. రెండోది 1891లో రష్యన్ శాస్త్రవేత్త ఫెదొరోవ్ నిరూపించాడు. ఈ నమూనాలనే నేతగాళ్లు చీర అంచుకు ఎక్కించుకున్నారు.

మూడోది చింతామణి వీధిలో, మన గుమ్మం ముందరే ఉంది: మెలికల ముగ్గు. జాలంధ్రానికి ఇది తలకిందులు: అక్కడ తొలిచాక మిగిలింది ఒకటిగా ఉండాలి, ఇక్కడ గీసింది ఒకటిగా ఉండాలి. ఇక్కడ చుక్కలు విడివిడి, గీత ఒక్కటే కావాలి. అడ్డం నాలుగు, నిలువు ఐదు చుక్కలు పెట్టి, గీతను ఐమూలగా నడిపి అంచు దగ్గర తిప్పుకుంటూ పోతే ఒకే గీత అన్ని చుక్కలనూ చుట్టి మొదటికొస్తుంది. నాలుగు నాలుగులు పెడితే నాలుగు గీతలు. నాలుగు ఆరులు పెడితే రెండు. బడిలో కన్నడంలో మ.సా.అ. అని నేర్చుకున్నామే, ఆ గ.సా.భా. ఎంతో గీతలు అన్ని. 1974లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరొమనీ బృందం ముగ్గుల నియమాలను కంప్యూటర్ వ్యాకరణంగా రాసింది. మన అమ్మలు ఆ లెక్కను వేళ్లతోనే వేసేవారు.

రాయి, నేత, పిండి. మూడింటికీ మూడు కట్టుబాట్లు. ఆ కట్టుబాటు లోపల నుంచే నమూనా పుట్టింది. ఈసారి నందికి వెళ్లినప్పుడు కిటికీ దగ్గర ఒక్క నిమిషం నిలబడి, ఆడుతున్న నటరాజు చెయ్యి ఎక్కడ ఆనుకుందో వెతకండి. మాస్టారు అడిగింది అదే.