రెండోసారి నేర్చుకున్న భోజనం

(మహాసభల ఆరోగ్య సదస్సు కోసం రాసుకున్న ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. పేషెంటు తరఫున నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. బరువు తగ్గడానికి రెండుసార్లు ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ రెండోదాన్ని ఇక్కడ రివిజన్ సర్జరీ అంటారు. దాని తర్వాత నా తిండి ఎలా మారింది, బరువు ఎలా మారింది, మన ఇళ్ళలోని మర్యాదలతో ఎలా నెగ్గుకొచ్చాను అన్న మూడు సంగతులే చెబుతాను. భోజనాల వేళ అవుతోందని నాకూ తెలుసు. తిండి గురించి మాట్లాడడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

ముందు కొంచెం చరిత్ర. ఈ ఆపరేషన్లు నిన్న మొన్నటివి కావు. 1966లో అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. బీఎంఐ 40 దాటినవారికి, లేదా 35 దాటి షుగరు లాంటి జబ్బులు ఉన్నవారికి చేయవచ్చని 1991లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ పిలిచిన నిపుణుల బృందం చెప్పింది. 2001లో జీర్ణాశయం పైభాగానికి కట్టే బ్యాండుకు ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. జీర్ణాశయాన్ని కోయనక్కర్లేదు, అవసరమైతే బ్యాండు తీసేయవచ్చు అనేసరికి చాలామంది దానివైపు మొగ్గారు. తర్వాత, జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేసే స్లీవ్ వచ్చి బ్యాండును వెనక్కి నెట్టేసింది. 2022లో ఈ దేశంలో ఇలాంటివి సుమారు 2 లక్షల 80 వేలు జరిగాయని సర్జన్ల సంఘం అంచనా. అందులో దాదాపు పదింట ఒకటి రివిజన్. ఈ హాల్లో కూడా నాలాంటివాళ్ళు ఉండే ఉంటారు. చేతులెత్తమని అడగను లెండి.

మనవాళ్ళు గుర్తు పెట్టుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. మన శరీరాలకు తక్కువ బరువులోనే షుగరు వస్తుంది. అందుకే ఆసియా సంతతివారికి బీఎంఐ 23 నుంచే షుగరు పరీక్ష చేయాలని 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పింది. 2022లో వచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం ఆసియావారికి 27.5 దాటితే సర్జరీ గురించి ఆలోచించవచ్చు.

ఇక నా సంగతి. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. 2009లో 214 పౌన్ల బరువు, దానికి తోడు షుగరు. అప్పుడు బ్యాండు వేయించుకున్నాను. రెండేళ్ళలో 168కి దిగాను. కొన్నేళ్ళు హాయిగా గడిచాయి. తర్వాత బ్యాండు కిందికి జారింది. మెతుకు దిగేది కాదు, రాత్రిళ్ళు గొంతులోకి మంట, వాంతులు. బ్యాండులోని ద్రవం తీసి వదులు చేశారు. మంట తగ్గింది, ఆకలి మాత్రం పాతదంతా వడ్డీతో సహా తిరిగొచ్చింది. 2018కల్లా 205. తగ్గిన బరువును మళ్ళీ రాబట్టుకోవడానికి శరీరం ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. ఆ సంగతి తెలియనివాళ్ళు “నోరు కట్టుకోలేకపోయింది” అని తేలిగ్గా తేల్చేస్తారు.

2019లో బ్యాండు తీసి, కొన్ని నెలలు ఆగి బైపాస్ చేశారు. జీర్ణాశయం పైన కోడిగుడ్డంత సంచీ మిగిల్చి, దాన్ని చిన్నప్రేగుకు కలుపుతారు. రెండో ఆపరేషన్ మొదటిదాని కంటే కష్టం. లోపల పాత గాయాల మచ్చలు ఉంటాయి, ప్రమాదం కొంచెం ఎక్కువ, తగ్గే బరువు సాధారణంగా తక్కువ. ఈ మూడూ సర్జన్‌ని ముందే అడిగి తెలుసుకుంటే తర్వాత నిరాశ ఉండదు.

మొదటి వారాలు ద్రవాలే. వడగట్టిన చారు తేట, పలచని మజ్జిగ, ప్రొటీన్ పానీయాలు. తర్వాత కారం లేని పప్పు మెత్తని గుజ్జులా, ఆపైన గిలక్కొట్టిన గుడ్డు, ఉడికిన చేప. ఒక్కో మెట్టూ ఎప్పుడు ఎక్కాలో డైటీషియన్ చెబుతారు. చంటిపిల్లకు అన్నప్రాశన చేసినట్టే, కాకపోతే పిల్లకు యాభై దాటాయి!

అసలు చిక్కు మామూలు భోజనానికి వచ్చాక మొదలైంది. మన భోజనానికి ఒక వరస ఉంది. పప్పన్నం, కూర, పులుసు, చారు, చివర పెరుగు. అన్నిటికీ ఆధారం అన్నం. అరకప్పు పట్టే పొట్టకు ఈ వరస సరిపడదు. నాలుగు ముద్దలకే స్థలం అయిపోతుంది, లోపలికి వెళ్ళిందంతా పిండిపదార్థమే. రోజుకు 60 గ్రాములైనా ప్రొటీన్ కావాలని నాకు చెప్పారు. అందుకని వరస తిరగేశాను. ముందు పప్పో, గుడ్డో, చేపో, పెరుగో. తర్వాత కూర. చోటు మిగిలితే రెండు చెంచాల అన్నం. గుడ్డులో 6 గ్రాములు, అరకప్పు చిక్కటి పప్పులో సుమారు 9 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. శాకాహారులకు పనీరు, సోయా, పెసరట్టు, గ్రీకు పెరుగు ఆదుకుంటాయి. పప్పుచారు రుచే గానీ అందులో పప్పు కంటే చారే ఎక్కువ.

నీళ్ళు కూడా నేర్చుకోవాలి. నేను తింటూ తాగను, తిన్నాక అరగంట ఆగుతాను. మెత్తని అన్నం ముద్ద ఒక్కోసారి గొంతు కింద గుండెకాయంత బరువుగా ఆగుతుంది. నమిలి నమిలి తినడం, ఇరవై నిమిషాలు తీసుకోవడం తప్ప మందు లేదు. తీపి సంగతి వేరే చెప్పాలి. బైపాస్ తర్వాత బొబ్బట్టు తింటే, ఆ పాకం నేరుగా ప్రేగులోకి జారి చెమటలు, గుండెదడ, కడుపులో మెలి రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. మద్యం కూడా చాలా త్వరగా ఎక్కుతుంది కనుక అన్నయ్యలు జాగ్రత్త. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు పుండ్లు తెస్తాయి, డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు.

విటమిన్లు జన్మంతా వేసుకోవాలి. మల్టీవిటమిన్, బీ12, ఐరన్, డీతో కలిపి కాల్షియం సిట్రేట్. ఐరన్‌కీ కాల్షియానికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. కాఫీ, టీలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. బీ12 మొక్కల నుంచి వచ్చే ఆహారంలో ఉండదు కాబట్టి శాకాహారులకు ముప్పు ఎక్కువ. లోపం బయటపడడానికి ఏళ్ళు పట్టవచ్చు, ఆలోగా కాళ్ళూ చేతుల నరాలు దెబ్బతింటాయి. వాంతులు ఆగకపోతే బీ1 పడిపోతుంది, అది రోజుల్లో ప్రమాదం తెస్తుంది. అందుకే ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పనిసరి.

ఇప్పుడు బరువు. మొదటి నెలలో గబగబా దిగింది, తర్వాత వారాల తరబడి కదలలేదు. పద్నాలుగు నెలలకు 152 దాకా దిగి, మెల్లగా 161కి వచ్చి అక్కడే నిలబడ్డాను. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనం కూడా ఇదే చెప్పింది. బరువు ఒకటి రెండేళ్ళలో అట్టడుగుకు చేరుతుంది, ఆ తర్వాత కొంత తిరిగొస్తుంది, అయినా చాలా భాగం నిలుస్తుంది. ఆ 9 పౌన్లు చూసి కుంగిపోయేవాళ్ళు ఉన్నారు. నేను రోజూ తూకం ఎక్కను, వారానికోసారి చాలు. షుగరు మాత్రలు ఆగిపోయాయి, మెట్లు ఎక్కితే ఆయాసం లేదు. ఆ లెక్కలు కూడా చూసుకోవాలి కదా. తిరిగొచ్చిన బరువు మరీ ఎక్కువైతే ఇప్పుడు మందులూ ఉన్నాయి. బరువు తగ్గించడానికని 2021లో సెమాగ్లుటైడ్‌కు, 2023లో టిర్జెపటైడ్‌కు అనుమతి వచ్చింది.

ఇక మర్యాదల మాట. మన ఇంట్లో ప్రేమకు కొలత గరిటె. “ఇంకొంచెం”, “నా మీద ఒట్టు”, “ఇంత చేస్తే ముట్టుకోవేం?” ఇవన్నీ ప్రేమతో అనే మాటలే. వాటికి జడిసి ఎందరో ఆపరేషన్ సంగతి దాచుకుంటారు. పాట్‌లక్‌లో మొహమాటానికి తిని, బాత్రూంలో వాంతి చేసుకుని, నవ్వుతూ బయటికి వస్తారు. దాచుకున్నవారికి రక్తపరీక్ష గుర్తుచేసేవారు ఎవరు? చిక్కితే “ఒంట్లో బాగోలేదా?” అని, నాలుగు పౌన్లు పెరిగితే “మళ్ళీ మొదటికొచ్చావే” అని అడిగేవారు మాత్రం ఉంటారు.

మా అమ్మ 2022లో గుంటూరు నుంచి వచ్చింది. మొదటి పూట నా కంచం చూసి, “అంత ముద్ద నేను కాకికి పెడతానే తల్లీ” అని కళ్ళు తుడుచుకుంది. నేను వాదించలేదు. కొలత గిన్నె ఆవిడ చేతికిచ్చాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి రెండు వారాల్లో ప్రొటీన్ గ్రాములు వేళ్ళ మీద లెక్కపెట్టడం నేర్చుకుంది. అరచేతంత పెసరట్లు పోసేది, కారం తగ్గించి చేపల పులుసు పెట్టేది. తిరిగి వెళ్ళే ముందురోజు వడ్డిస్తూ గరిటె ఆపి, “చాలా?” అని అడిగింది. నా యాభై ఏళ్ళ పైచిలుకు జీవితంలో అమ్మ నోట ఆ ప్రశ్న వినడం అదే మొదటిసారి. “చాలమ్మా” అన్నాను. ఆవిడ మళ్ళీ వెయ్యలేదు.

మీ అందరినీ నేను కోరేది ఆ ఒక్క మాటే. కాసేపట్లో భోజనాల హాల్లో కలుస్తాం. పక్కనున్నవారి ప్లేటులో రెండు చెంచాలే ఉంటే కారణం అడగవద్దు. ఆపరేషన్ కావచ్చు, షుగరు కావచ్చు, మందు కావచ్చు. “చాలా?” అని అడగండి, చాలంటే నమ్మండి. నాలాగా రెండోసారి కత్తి కిందికి వెళ్ళినవారు మీలో ఉంటే, ఇంట్లో కనీసం ఒక్కరికైనా చెప్పుకోండి, డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకండి. కావాలంటే నా పక్కన వచ్చి కూర్చోండి. నా భోజనానికి అరగంట పడుతుంది, తోడు ఉంటే బాగుంటుంది.