యూరప్ లెక్క మన సాంచా దాకా వచ్చింది



మన షోలాపూర్ టవల్ యూరప్‌కు పోతుంది. అందుకే అక్కడి సంగతి మనకెందుకులే అనుకోవద్దు. 2023 జూన్‌లో యూరోపియన్ కమిషన్ ఆర్థిక భద్రతా వ్యూహం ప్రకటించింది. ముఖ్యమైన సరుకులకు ఒక్క దేశం మీదే ఆధారపడొద్దన్నది అందులో ఒక మాట. 2024 సెప్టెంబరులో మారియో ద్రాగీ నివేదిక, తమ పరిశ్రమ పోటీలో వెనకబడుతోందని హెచ్చరించింది.

కొత్త అమ్మకందారులను వెతికితే మనకు మంచిదే. కానీ గుమ్మం దగ్గర లెక్క అడుగుతారు. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన ఎకోడిజైన్ చట్టం కింద సరుకులకు డిజిటల్ పాస్‌పోర్ట్ రాబోతోంది. ముందు వరుసలో దుస్తులున్నాయి. రేపు టవల్ వంతు రాదని ఎవరనగలరు?

పెద్ద మిల్లుకు లెక్కలు రాసే ఆఫీసుంటుంది. నాలుగు సాంచాలవాడికి ఎవరున్నారు? మన చద్దరుకు, టెర్రీ టవల్‌కు జీఐ గుర్తింపు ఉంది. పేరుంది గానీ, చాలామంది దగ్గర కాగితం లేదు.

ఒక్కొక్కరితో అయ్యే పని కాదిది. సంఘంలో ఒక కంప్యూటరు, చదువుకున్న మన పిల్లలిద్దరు చాలు. మీరు మాత్రం ఈ నెల నుంచే నూలు బిల్లు, రంగు బిల్లు పారెయ్యకండి. దాచండి.

సెలవు.